కాయకమునకు కాగితము సాక్షి

కల్యాణ నగరమున బిజ్జలుని భండారమును చేపట్టిన బసవేశ్వరుడు భక్తులకు భక్తిభండారి. రాజ్యమునకు జమాఖర్చుల అధికారి. ఆ రెండు బాధ్యతలను ఆయన ఒకే మనస్సుతో నిర్వహించెను. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఈ సంగతిని తెలుపు ఘట్టమొకటి కలదు. రాజధనమును బసవన్న జంగమ దాసోహమునకు వెచ్చించుచున్నాడని కొందరు బిజ్జలుని చెవిలో ఊదిరి. రాజు లెక్క చూపుమనెను. బసవన్న కినియలేదు, మాట దాటవేయలేదు. భండారమును తెరిపించి లెక్కింపుమనెను. లెక్క సరిపోయెను.

ఈ ఘట్టమును భక్తజనులు శివమహిమగా పఠింతురు. అది యుక్తమే. అందు ఇమిడియున్న మరియొక ఉపదేశము నిత్యజీవితమునకు సంబంధించినది. అడిగిన క్షణమున లెక్క చూపగలవాడే నిర్భయుడు. సత్యము తన మనస్సులో ఉన్నదని ఒకడు ఎంత నమ్మినను, ఎదుటివాడు చూచి తెలిసికొనుటకు వీలుగా అది వెలుపల కూడ ఉండవలెను. నోటి మాటకు గాలి సాక్షి. వ్రాసిన మాటకు కాగితము సాక్షి. కాయకము చేసి బ్రతుకు ప్రతి శరణుడును ఈ సంగతిని తలపోయవలసిన కాలమిది.

శరణులు కాయకమునకు 'సత్యశుద్ధ' అను విశేషణమును ఊరక చేర్చలేదు. మడివాళ మాచయ్య బట్టలు ఉదికెను. మేదర కేతయ్య వెదురు బుట్టలు అల్లెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనెను. ఆ పనులలో ఎక్కువ తక్కువలు లేవని అనుభవమంటపము చాటినది. పని ఏదైనను అందు వంచన లేనిదై యుండవలెనని కూడ చాటినది. ఆ శరణుల వరుసలో నేడు ఇంకొక పనివాడు వచ్చి కూర్చున్నాడు. అతడు మిక్సీలకు, గ్రైండర్లకు, టీవీలకు, ఫ్రిజ్జులకు, వాషింగు మెషీన్లకు మరమ్మతు చేయు మెకానిక్కు. పాతవానిని కొని, బాగుచేసి, తిరిగి అమ్ముటయు అతని వృత్తిలో భాగమైనది. ఆ కాయకపు శుద్ధిని గూర్చియే ఇచ్చట విచారము.

కరవు సీమలో పాత వస్తువు

అనంతపురము పీఠభూమి వానచాటు సీమ. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమల ఆవలనే తమ నీటిని దించివచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి ఇచ్చటికి చేరునప్పటికి బలహీనమగును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన సగటు. ఆ సగటును నమ్మి విత్తిన వేరుసెనగ రైతు ఎన్ని మారులు మోసపోయెనో లెక్క లేదు. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విభజింపబడి అనంతపురము, శ్రీ సత్యసాయి అని రెండు జిల్లాలైనది. మబ్బులకు ఆ విభజనతో పని లేదు. వాన తప్పిన యేట కదిరి, కల్యాణదుర్గము, మడకశిర ప్రాంతముల నుండి కుటుంబములు మూటలు కట్టుకొని బెంగుళూరునకు కూలికి పోవుట పెద్దలు, పిన్నలు ఎరిగిన సంగతియే.

ఇట్టి సీమలో మరమ్మతు పనివాడు ఊరికి ఉపకారి. పంట చేతికి రాని యేట క్రొత్త ఫ్రిజ్జు కొనగలవారు కొందరే. పాతదానిని బాగుచేయించుకొనువారు, వాడినదానిని సగము ధరకు కొనువారు ఎక్కువ. చెడిపోయిన వస్తువును పారవేయక మరల పనికి తెచ్చుట మితవ్యయము. మితవ్యయము శరణధర్మమునకు దగ్గర చుట్టము. లోకము కూడ ఈ మార్గమునకు వచ్చుచున్నది. భారత ప్రభుత్వము 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కునకు ఒక పోర్టలును తెరచినది. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతును ప్రోత్సహించు శాసనమును చేసినది. రాయదుర్గము బజారులో టంకము కడ్డీ పట్టుకొని కూర్చున్నవాడు ఆ శాసనములకు ముందే ఆ పని చేయుచుండెను.

అయినను ఈ ఉపకారి తరచు ఒక విషయమున అజాగ్రత్తగా ఉండును. అతని చేతులు నేర్పరులు. అతని పుస్తకము ఖాళీ. వస్తువు వచ్చినప్పుడు చీటి లేదు. పోవునప్పుడు బిల్లు లేదు. "మనలో మనకు కాగితాలెందుకు" అను మాట వినుటకు ఆత్మీయముగా ఉండును. ఆ ఆత్మీయత ఎట్లు విరుగునో చూచుటకు ఒక కుటుంబమును తలచుకొందురు గాక. పేర్లు అక్కరలేదు, ఇది ఏ ఊరనైనను జరుగదగినది.

మువ్వురు నిర్దోషులు

ఒక పల్లెలో ఒక ఇల్లాలు. పెండ్లినాడు పుట్టింటివారు ఇచ్చిన గ్రైండరుతో పిండి రుబ్బి, ఉదయము ఇడ్లీలు వేసి అమ్మి ఇల్లు గడుపుచుండెను. గ్రైండరు చెడెను. పట్టణమునకు తెచ్చి మెకానిక్కునకు ఇచ్చెను. మోటారు తీగ చుట్టవలెను, బెల్టు మార్చవలెను, తొమ్మిది వందలగునని అతడు చెప్పెను. సరేనని ఆమె వెడలెను. ఆ నెలలోనే సెనగ చేను ఎండెను. అప్పులవాడు వాకిట కూర్చుండెను. భార్యాభర్తలు పిల్లలను వెంటబెట్టుకొని బెంగుళూరునకు పోయి కట్టడపు పనిలో చేరిరి. ఫోను నంబరు మారెను.

మెకానిక్కు తీగ చుట్టెను. బెల్టు తన డబ్బుతో తెచ్చి వేసెను. వారము చూచెను, నెల చూచెను, ఏడాది చూచెను. చిన్న గదిలో ఆ గ్రైండరు చోటు ఆక్రమించుకొనియుండెను. గది బాడుగ నిలిచిపోయెను. ఒకనాడు ఇంకొక స్త్రీ, భర్త పోయి దోసెపిండి అమ్ముకొని బ్రతుకునది, గ్రైండరు కావలెనని వచ్చెను. రెండువేల అయిదు వందలకు ఇచ్చివేసెను.

రెండవ యేట వానలు పడెను. మొదటి ఇల్లాలు తిరిగి వచ్చెను.

"అన్నా, మా గ్రైండరు యాడబెట్టినావు?"

"రెండేండ్లు రాకపోతిరి గదమ్మా. మీ ఆచూకీ లేకపాయ. బాడుగ కట్టుకోవాల గదా, అమ్మేస్తి."

"అది మా అమ్మ పెట్టిన సారె గదన్నా. దాంతోనే గదా మేము బ్రతికేది."

అతనికి బదులు తోచలేదు.

ఈ మువ్వురిలో దొంగ ఎవడు? వెదకినను కనబడడు. ఇల్లాలు కరవునకు తరుమబడినది. మెకానిక్కు బాడుగకు భయపడినవాడు. రెండవ స్త్రీ ధర చెల్లించి కొన్నది. ముగ్గురును కాయకజీవులే. అయినను ఒకరి పనిముట్టు పోయినది, ఒకరి పేరు చెడినది, ఒకరి సొమ్మునకు ముప్పు వచ్చినది. చట్టము చెప్పునది వినినచో ఆ ముప్పు ఎంతటిదో తెలియును.

అప్పగింత సొత్తు

బాగుచేయుటకు ఇచ్చిన వస్తువు పనివానికి అప్పగింత సొత్తు మాత్రమే. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము దీనిని స్పష్టముగా నిర్దేశించినది. అప్పగింత పుచ్చుకొన్నవాడు, మామూలు వివేకము గలవాడు తన సొంత వస్తువును ఎట్లు చూచుకొనునో అట్లు దానిని కాపాడవలెనని 151వ సెక్షను. నేర్పుతో శ్రమించి బాగుచేసినవాడు తన కూలి ముట్టువరకు ఆ వస్తువును తన యొద్దనే అట్టిపెట్టుకొనవచ్చునని 170వ సెక్షను. ఇది పనివానికి చట్టమిచ్చిన గౌరవము. దానికి రెండు హద్దులున్నవి. ఆ వస్తువుపై చేసిన పని కూలికే దానిని ఆపవచ్చును. గత సంవత్సరపు మిక్సీ బాకీ కొరకు ఈ సంవత్సరపు ఫ్యానును ఆపరాదు. రెండవ హద్దు మరింత ముఖ్యము. ఆ సెక్షను అట్టిపెట్టుకొను హక్కును ఇచ్చినది గాని అమ్ముకొను హక్కును ఇయ్యలేదు.

ఈ ఒక్క వాక్యము తెలియక ఎందరో పనివారు, ఏడాది దాటిన వస్తువు తమదైపోయినదని భావింతురు. కాలము గడచినంత మాత్రమున సొత్తు యజమాని మారదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టపు 27వ సెక్షను ప్రకారము, అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి సంక్రమింపదు. దానికి ఉన్న మినహాయింపులు కొన్నియే. కావున ఆ గ్రైండరు చట్టదృష్టిలో మొదటి ఇల్లాలిదే. ఆమె దానిని తిరిగి కోరినచో, రెండవ స్త్రీ వస్తువును వదలి, తన సొమ్మునకు మెకానిక్కును నిలదీయవలసి వచ్చును. దురుద్దేశముతో అమ్మినాడని తేలినచో 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో విశ్వాస ఘాతుకమునకు 316వ సెక్షను కలదు. బాడుగ కట్టుటకు అమ్మిన రెండువేల అయిదు వందలు ఇంత దూరము లాగుకొనిపోవును.

మరి పనివాడు ఏమి చేయవలెను? అతని గది ధర్మసత్రము కాదు. బెల్టు ధర అతని జేబు నుండి పోయినది. దీనికి మార్గము వస్తువు చేతికి వచ్చిన క్షణముననే ఉన్నది. అదియే అప్పగింత చీటి. రెండు ప్రతులు వ్రాయవలెను. ఒకటి ఇచ్చినవారికి, ఒకటి దుకాణమునకు. అందు ఇచ్చినవారి పేరు, ఊరు, ఫోను నంబరు, ఊరిలోనే ఉండు బంధువొకరి నంబరు, వస్తువు కంపెనీ, మోడలు, దానిపై చెక్కిన వరుస సంఖ్య, చెప్పిన లోపము, అంచనా ఖర్చు, తీసికొనిపోవలసిన గడువు ఉండవలెను. గడువు దాటినచో ఎన్ని దినములు వేచియుండునో, ఏ చిరునామాకు జాబు వ్రాయునో, ఆ తరువాత అమ్మవలసి వచ్చినచో కూలి, విడిభాగముల ఖర్చు మినహాయించుకొని మిగిలినది యజమానికి ఇచ్చునని, ఆ చీటిలోనే తెలుగున చదువుకొనదగిన అక్షరములతో వ్రాసి సంతకమో వేలిముద్రయో తీసికొనవలెను. ముందుగా ఒప్పుకొనిన మాటకు బలము కలదు. తరువాత తలచుకొన్న మాటకు లేదు. గడువు న్యాయమైనదిగా ఉండవలెను. కరవు యేట ఊరు విడచిన కుటుంబమునకు పది దినముల గడువు పెట్టుట చీటి పేరున ఉచ్చు పన్నుటయే. ఒక్కమారు న్యాయవాదికి చూపి ఆ నమూనాను సరిచేయించుకొన్నచో ఏండ్ల తరబడి పనికివచ్చును.

మిగిలిన పైకమును తిరిగి ఇచ్చుమాట వినినప్పుడు శరణులకు ఆయ్దక్కి లక్కమ్మ జ్ఞప్తికి రావలెను. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఎక్కువైనవానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. అవి దొంగ బియ్యము కావు, నేలపై రాలినవే. అయినను తమ వంతునకు మించినవి. గ్రైండరు అమ్మిన రెండువేల అయిదు వందలలో కూలి తొమ్మిది వందలు పనివానివి. మిగిలిన పదునారు వందలు మారయ్య మూటలోని ఎక్కువ బియ్యము వంటివి.

కొన్నప్పుటి పత్రము

పాత వస్తువును కొనునప్పుడు వేరొక జాగ్రత్త కావలెను. సంతలోనో, దుకాణపు గడపలోనో ఒకడు వచ్చి, ఎనిమిది వేల విలువ చేయు టీవీని పదునైదు వందలకు ఇచ్చెదనును. తొందరపడుచుండును, పెట్టె లేదు, బిల్లు లేదు, రిమోటు లేదు. చౌక బేరము పనివాని కంటికి పొర కప్పును. దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు తగిన కారణముండియో దురుద్దేశముతో కొన్నవానికి శిక్ష కలదని న్యాయ సంహిత 317వ సెక్షను చెప్పుచున్నది. అడుగవలసినది అడుగకపోవుట అజ్ఞానము క్రిందికి రాదు.

కావున కొన్న ప్రతి వస్తువునకు ఒక పత్రము ఉండవలెను. అమ్మినవాని పేరు, చిరునామా, తేది, వస్తువు వరుస సంఖ్య, ఇచ్చిన ధర, "ఇది నా సొంతము, దీనిపై ఎవరికిని బాకీ లేదు" అను మాట, సంతకము అందు చేరవలెను. పాత బిల్లు ఉన్నచో దాని నకలు జతపరచవలెను. నెలసరి వాయిదాలపై తెచ్చిన వస్తువైనచో వాయిదాలు తీరినవా అని అడుగవలెను. గుర్తింపు కార్డు నకలు తీసికొన్నచో అది అమ్మినవాని గుట్టు. దానిని బల్లపై పడవేయుటయు, వేరొకరికి ఇచ్చుటయు తగదు. ఆధారు సంఖ్యలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు నకలు కూడ లభించును, అది చాలును. పైకము చేతికి ఇచ్చుటకంటె బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో చెల్లించినచో దానికదే ఒక సాక్ష్యమగును.

నిజాయితీగా అమ్ముకొనువాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. నొచ్చుకొని లేచిపోవువాని వస్తువు పోవుటయే దుకాణమునకు లాభము.

అమ్మినప్పుటి మాట

బాగుచేసిన వస్తువును అమ్మునప్పుడు బిల్లుపై మొదట వ్రాయవలసిన మాట 'వాడిన వస్తువు' అని. రంగు వేసి, స్టిక్కరు మార్చి, పాతదానిని క్రొత్తదని నమ్మించుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అక్రమ వ్యాపార పద్ధతి. అమ్మిన వస్తువుకు, చేసిన సేవకు బిల్లు ఇయ్యకుండుటను కూడ ఆ చట్టము అదే కోవలో చేర్చినది. లోపమున్న వస్తువును వెనుకకు తీసికొను గడువు బిల్లుపై వ్రాసియున్నచో ఆ గడువు. వ్రాయకున్నచో 30 దినములు. తన హామీ ఎన్ని దినములో వ్రాసికొనుట కొన్నవారికెంత మేలో అమ్మినవానికిని అంత మేలు. అయిదు లక్షల లోపు విలువకు జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదుకు రుసుము లేదు. దోసెపిండి అమ్ముకొను స్త్రీకి కూడ ఆ తలుపు తెరచియే ఉన్నది.

బిల్లుపై ఇంకను వ్రాయదగినవి కలవు. ఏ భాగము మార్చబడినది, ఏది పాతదే ఉన్నది, తెలిసిన లోపమేది అను వివరము ఉండవలెను. ఫ్రిజ్జు కంప్రెసరుపై ఆర్-600ఏ అని ఉన్నచో ఆ వాయువు మండు స్వభావము కలది. మంట దగ్గర పెట్టరాదని చెప్పియు, వ్రాసియు ఇయ్యవలెను. గ్రైండరునకు ఎర్తు తీగ లేక అమ్ముట తడిచేతి ఇల్లాలికి ప్రాణగండము. చెప్పకుండ దాచిన లోపము అబద్ధమునకు మౌనరూపము.

ధర విషయమున నులియ చందయ్య కథను భక్తులు చెప్పుకొందురు. సాక్షాత్తు లింగమే ఆయన పేనిన త్రాటిని తీసికొనిపోయి బసవన్న యొద్ద గొప్ప ధనమునకు అమ్మి వచ్చినదట. చందయ్య ఆ ధనమును ముట్టలేదు. త్రాటికి తగిన వెల ఏదో అదియే కావలెననెను. దేవుడు తెచ్చినను ఎక్కువ ధర ఎక్కువే. కొనవచ్చినవారి అమాయకత్వమును చూచి వెల కట్టువాడు ఈ కథను నిదానముగా నెమరువేయవలెను.

దుకాణము, పన్ను, నమోదు

ప్రభుత్వ నమోదుల మాట వచ్చునప్పటికి చిన్న పనివారి మనస్సు బెదరును. ఆ బెదురునకు సగము కారణము మధ్యవర్తులు. విషయము తెలిసినచో అది అంత కఠినము కాదు. ఆంధ్రప్రదేశములో దుకాణములు, సంస్థల చట్టము 1988 నాటిది. దాని క్రింద కార్మికశాఖ యొద్ద నమోదు. పురపాలక పరిధిలో వ్యాపార లైసెన్సు, పల్లెలో పంచాయతీ అనుమతి. 2020 జులై 1 నుండి అమలులోనున్న ఉద్యమ్ నమోదు చిన్న సంస్థలకు గుర్తింపు నిచ్చును. ప్రభుత్వ పోర్టలులో దానికి రుసుము లేదు. రుసుమని చెప్పి వేలు గుంజువాని మాట నమ్మరాదు.

2017 జులై 1న వచ్చిన వస్తుసేవల పన్ను విషయమున కూడ తెలియవలసినవి కొన్నియే. ఆంధ్రప్రదేశములో వస్తువులు మాత్రమే అమ్మువారికి ఏటి అమ్మకములు 40 లక్షలు దాటువరకు నమోదు అక్కరలేదు. మరమ్మతు అనగా సేవ. సేవ కూడ చేయువారికి ఆ హద్దు 20 లక్షలు. ఈ సీమకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉన్నది. రాయదుర్గము నుండి బళ్లారి ఎంతయో దూరము లేదు. మడకశిర మూడు దిక్కుల కర్ణాటకమే. ఇంటిలో కన్నడము, అంగడిలో తెలుగు మాటలాడు కుటుంబములకు ఆ ఎల్ల కనబడదు. పన్ను చట్టమునకు కనబడును. పన్ను వర్తించు వస్తువును సరిహద్దు దాటించి అమ్మువాడు, అమ్మకములు ఎంత స్వల్పమైనను, నమోదు చేసికొనవలెను.

నమోదైనవారికి చట్టము ఒక సౌలభ్యమును కల్పించినది. వాడిన వస్తువును కొని, దాని స్వభావము మారని కొద్దిపాటి మరమ్మతు చేసి అమ్మినప్పుడు, కొన్నదానిపై పన్ను జమ తీసికొననిచో, కొన్న ధరకు అమ్మిన ధరకు గల తేడాపైననే పన్ను. మూడువేలకు కొన్న వాషింగు మెషీనును నాలుగువేల రెండు వందలకు అమ్మినచో పన్ను లెక్కకు వచ్చునది పండ్రెండు వందలు మాత్రమే. ఆ సౌలభ్యము పొందుటకు కొన్న ధర నిరూపింపబడవలెను. కొన్నప్పుటి పత్రము లేనివాడు ఆ తేడాను దేనితో చూపును? ఇక నమోదు లేకయే బిల్లుపై పన్ను పేరున పైకము వసూలు చేయుట ప్రభుత్వమును, కొన్నవారిని ఒక్కమారే వంచించుట.

చెరువు కట్టపై పొగ

బాగుకాని వస్తువుల సంగతి చివరిది. ఈ నేలకు మిక్కిలి సంబంధించినది. రాగి కొరకు తీగలను కాల్చుట, పాత టీవీ గాజుబుడ్డిని చెరువు కట్ట దగ్గర పగులగొట్టి పారవేయుట అచ్చటచ్చట కనబడును. ఆ బుడ్డి గాజులో సీసము కలదు. ఏండ్లకొకమారు నిండు చెరువు, వేయి అడుగుల లోతున వెదకు బోరునీరు గల సీమలో ఆ విషము పోవు చోటు ఏది? 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు, వస్తువులను పునరుద్ధరించి అమ్మువారికి నమోదును, వ్యర్థములను అనుమతి పొందిన రీసైక్లింగు సంస్థలకు అప్పగించు బాధ్యతను విధించినవి. సూక్ష్మ సంస్థలకు ఆ నియమముల నుండి మినహాయింపు కలదు. బజారులోని చిన్న మెకానిక్కు ఆ మినహాయింపులోనివాడే.

చట్టము మినహాయించినది, నేల మినహాయింపదు. పంచభూతములను శివుని రూపములుగా భావించువానికి, నీటిలో సీసము కలుపుట ఏ పూజతో తీరును? పది దుకాణములవారు కలిసి పనికిరాని వస్తువులను ఒకచోట చేర్చి, అనుమతి గల సంస్థకు ఏటికి రెండుమారులు పంపి, రసీదు పుచ్చుకొనుట సాధ్యమే. ఆ రసీదును కూడ పుస్తకములో అంటింపవలెను.

మఠములు చేయదగినది

ఈ కాగితములన్నియు వ్రాయుటకు పనివానికి తీరిక ఏదియని అడుగువారుందురు. అప్పగింత చీటికి అయిదు నిమిషములు, బిల్లుకు మూడు నిమిషములు. వ్రాయుట రానివారికి సహాయము కావలెను. అచ్చటనే మఠముల పాత్ర కలదు. ఉరవకొండ గవిమఠము వంటి మఠములు నిలిచియున్న సీమ ఇది. అన్నదాసోహము, అక్షరదాసోహము మఠములకు క్రొత్తవి కావు. నెలకొక సాయంకాలము చదువుకొన్న యువకులు, న్యాయవాదులు, లెక్కలు తెలిసినవారు మఠప్రాంగణమున కూర్చుండి, పనివారికి తెలుగున, కన్నడమున చీటి నమూనాలు వ్రాసి ఇచ్చినచో, నమోదు పత్రములు నింపి ఇచ్చినచో, అదియు దాసోహమే. వచ్చువాని కులమును, మతమును అడుగవలసిన పని లేదు; కాయకము చేయువాడైనచో చాలును.

వలసపోవు కుటుంబములకు కూడ ఒక మాట చెప్పవలెను. ఊరు విడచునప్పుడు దుకాణమున ఉన్న వస్తువు సంగతి మరువరాదు. పోవుచున్నామని, ఫలానివారు వచ్చి తీసికొందురని ఒక్క మాట చెప్పిపోవుట, చీటిని భద్రపరచుకొనుట వారి వంతు. పనివాని కూలిని ఎగవేయుట కూడ కాయకద్రోహమే. చీటి రెండు వైపులను కట్టివేయును. అందువలననే అది న్యాయమైనది.

ఆ గ్రైండరు కథకు ముగింపు ఇంకను చెప్పబడలేదు. అట్టి స్థితిలో పడిన పనివాడు చేయదగినది ఒక్కటే. రెండవ స్త్రీ ఇంటికి తానే పోయి, జరిగినది దాచక చెప్పి, అంతటి గ్రైండరునే మరియొకటి బాగుచేసి ఆమెకు ఇచ్చి, సారె గ్రైండరును తెచ్చి మొదటి ఇల్లాలికి అప్పగింపవలెను. తన తొమ్మిది వందల కూలిని అడిగి పుచ్చుకొనవలెను. అందు అతనికి కొంత నష్టము కలదు. ఆ నష్టమును భరించినవాడు ఆ రాత్రి లింగపూజకు కూర్చున్నప్పుడు అతని చేయి వణకదు.

ఏటేటా వైశాఖమున బసవజయంతి వచ్చును. ఆ దినమున రైతు ఎద్దులకు పూజ చేయును. మరమ్మతు పనివాడు తన పనిముట్లతో పాటు తన పుస్తకమును కూడ లింగము ఎదుట ఉంచునుగాక. భండారమును తెరచి లెక్క చూడుమనిన బసవన్న ఎదుట తెరచి చూపదగిన పుస్తకముగా ఏడాది పొడుగునా దానిని వ్రాయునుగాక.

శరణు శరణార్థి.